మడమకు షడ్జమం, బొటనవేలికి పంచమం

బూటులో పడే ఒత్తిడిని శబ్దంగా మార్చి వినడం గురించి పరుగు ప్రియులు పంపిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈ సంచికలో జవాబులు.

ఇన్‌సోల్‌లో సెన్సర్లు పెట్టి, అడుగు పడ్డప్పుడల్లా శబ్దం వచ్చేలా చేయవచ్చని విన్నాను. ఇంట్లో చేసుకోగలమా? గ్రాఫు చూడటం కంటే వినడంలో లాభమేంటి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కూకట్‌పల్లి

చేసుకోవచ్చు. ముందు లాభం సంగతి. పరుగులో పాదం ఒక్కో అడుగుకు నేల మీద ఉండేది దాదాపు పావు సెకను. ఆ కాస్త సమయంలో మడమ ముందు ఆనిందా, బయటి అంచు ఆనిందా, బొటనవేలి మొదలు మీద బరువు ఎంతసేపు నిలిచింది అన్నది తెర చూస్తూ పట్టుకోవడం పరుగెత్తేవాళ్ల వల్ల కాదు. చెవికి అది తేలిక. మృదంగం దెబ్బ ఒకటి కాస్త వెనకబడితే సంగీతం రానివాళ్లకూ తెలిసిపోతుంది.

పాదానికి మూడు చొప్పున ఆరు ఎఫ్ఎస్ఆర్ సెన్సర్లు కావాలి. ఇవి ఒత్తిడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గే పల్చటి బిళ్లలు. 12.7 మిల్లీమీటర్ల సైజు సరిపోతుంది. ఒకటి మడమ మధ్యన, ఒకటి చిటికెన వేలి మొదట్లో, ఒకటి బొటనవేలి మొదట్లో అతికించాలి. వాటితో పాటు ఈఎస్‌పీ32 బోర్డు (సెన్సర్లను చదివి శబ్దం పుట్టించే చిన్న కంప్యూటర్), ఆరు రెసిస్టర్లు, మ్యాక్స్98357 ఆంప్లిఫయర్, చిన్న స్పీకరు, పవర్ బ్యాంకు. విడిభాగాల కోసం కోఠిలోని గుజరాతీ గల్లీ తిరిగితే చాలు. సెన్సర్ తోకకు నేరుగా సోల్డరింగ్ చేయకండి, ప్లాస్టిక్ కరిగిపోతుంది. నొక్కి బిగించే కనెక్టరు అడిగి తీసుకోండి.

ప్రతి సెన్సర్‌నూ 3.3 వోల్టులకూ పిన్నుకూ మధ్య పెట్టి, ఆ పిన్ను నుంచి గ్రౌండ్‌కు ఒక రెసిస్టర్ కలపాలి. అందరూ 10 కిలో ఓమ్‌లు వాడమంటారు. వేలితో నొక్కి చూడటానికి అది బాగానే ఉంటుంది కానీ, పరుగులో రీడింగు మొదటి తాకిడికే పైకప్పుకు అంటుకుని అక్కడే ఉండిపోతుంది. 1 కిలో ఓమ్ పెడితే భారీ ఒత్తిళ్ల మధ్య తేడా కొంత మిగులుతుంది. ‘కొంత’ అని ఎందుకంటున్నామంటే, ఈ బిళ్లలు సుమారు 20 న్యూటన్ల వరకే నమ్మదగ్గవి. అంటే రెండు కిలోల బరువు. పరుగులో ఒక్క పాదం మీద పడేది ఒంటి బరువుకు రెండు నుంచి మూడు రెట్లు. కాబట్టి ఎన్ని కిలోలు పడిందన్నది ఈ పరికరంతో తేల్చలేం. ఏది ముందు, ఏది తర్వాత, ఎంతసేపు అన్నది మాత్రం చక్కగా తెలుస్తుంది. పైన 2–3 మిల్లీమీటర్ల ఫోమ్ పొర వేస్తే తాకిడి కాస్త పరుచుకుంటుంది. చెమట తగలకుండా పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టండి.

పిన్నులు 32, 33, 34, 35, 36, 39 వాడండి. మిగతా అనలాగ్ పిన్నుల్లో చాలావరకు వైఫై ఆన్ చేయగానే చదవడం మానేస్తాయి. సెకనుకు 200 సార్లు చదివితే ఒక్కో అడుగుకు సుమారు 50 రీడింగులు వస్తాయి. బూటు లేసు బిగించాక, పాదం గాల్లో ఉండగా వచ్చే రీడింగునే సున్నాగా తీసుకోండి. లేసు బిగువే సెన్సర్‌ను కొంత నొక్కుతుంది.

ఇక స్వరాలు. మడమకు షడ్జమం 220 హెర్ట్జ్, చిటికెన వేలి మొదటికి అంతర గాంధారం 275, బొటనవేలి మొదటికి పంచమం 330. చోటును బట్టి స్వరం, ఒత్తిడిని బట్టి గట్టిదనం. మడమకు సా, బొటనవేలికి పై సా పెడితే వినసొంపుగానే ఉంటుంది కానీ, రెండూ కలిసి పలికినప్పుడు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఏది ఏదో తెలియదు. రీడింగు 10–15 శాతం దాటేదాకా నిశ్శబ్దంగా ఉంచండి. స్వరాన్ని ఒక్కసారిగా కాకుండా 5–10 మిల్లీ సెకన్లలో పైకి తెండి. లేకపోతే ప్రతి అడుగుకూ ‘టక్’మని వచ్చి, అది మడమ తాకిన శబ్దమేమో అనిపిస్తుంది. పరుగులో రెండు పాదాలూ ఒకేసారి నేల మీద ఉండవు కనుక రెంటికీ ఒకే స్పీకరు చాలు. నడకలో మాత్రం కలగాపులగమవుతుంది.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మాత్రం వద్దు. నిమిషానికి 170 అడుగుల వేగంలో అడుగుకూ అడుగుకూ మధ్య 0.35 సెకను. బ్లూటూత్‌లో శబ్దం 0.2 సెకను ఆలస్యమైతే, మీరు మడమ స్వరం వినేసరికి పాదం నేల వదిలే దశకు వచ్చేసి ఉంటుంది. నడుముకు కట్టుకున్న స్పీకరే మేలు. రోడ్డు మీద వాహనాల హారన్లూ వినపడతాయి.

నాకు ఎడమ మడమ నొప్పి. కానీ ఆ మడమ స్వరమే కుడిదానికంటే చిన్నగా, పొట్టిగా వస్తోంది. సెన్సర్ పాడైందా?
– ఒక పాఠకురాలు, మణికొండ

ముందు రెండు మడమల సెన్సర్లూ అటూ ఇటూ మార్చి చూడండి. చిన్న స్వరం సెన్సర్‌తో పాటు కుడికి వెళ్లిపోతే తప్పు సెన్సర్‌ది. ఎడమలోనే ఉండిపోతే మీ ఒళ్లు ఆ మడమను కాచుకుంటోందని అర్థం. నొప్పి ఉన్నచోట ఒత్తిడి ఎక్కువగా కనిపించాలన్న నియమమేమీ లేదు. మడమను తప్పించిన బరువు పాదం ముందు భాగానికో, కుడి కాలికో చేరుతుంది. అందుకే ఒత్తిడి వినిపించిన చోటల్లా నొప్పి ఉందనీ, వినిపించని చోట లేదనీ అనుకోకూడదు. నొప్పిని విడిగా రాసుకోవాలి. ఉదయం మంచం దిగి వేసిన మొదటి అడుగుకు, పరుగు మొదట్లో, చివర్లో, మర్నాడు ఉదయం, నాలుగుసార్లూ 0 నుంచి 10 వరకు ఒక అంకె. రికార్డింగు పక్కనే ఆ అంకెలు ఉంటేనే దానికి విలువ.

ఉదయం తొలి అడుగులకు మడమ లోపలి వైపు పొడిచినట్టుండి, నాలుగడుగులు వేశాక సర్దుకుంటే అది చాలావరకు ప్లాంటార్ ఫేషియైటిస్, అంటే అరికాలి కింది గట్టి పొరకు వచ్చే నొప్పి. ఎముక మీద వేలితో చూపించగలిగేంత ఒక్కచోటే నొప్పి, పరుగెత్తేకొద్దీ పెరగడం, రాత్రి పడుకున్నా ఉండటం – ఇవి స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే పడే భారానికి ఎముకలో వచ్చే సన్నటి చీలిక) లక్షణాలు. పరుగు ఆపి ఆర్థోపెడిక్ డాక్టరును కలవండి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐ అవసరమవుతుంది. ఏ సెన్సరూ దీన్ని పట్టుకోలేదు.

ట్రెడ్‌మిల్ పక్కన ఫోన్ పెట్టి అడుగుల చప్పుడు రికార్డు చేస్తే సరిపోదా? చప్పుడు తగ్గితే దెబ్బ తగ్గినట్టేనా?
– ఒక పాఠకుడు, నల్లకుంట

అడుగులు లెక్కపెట్టడానికి భేషుగ్గా సరిపోతుంది. 30 సెకన్లలో ఎన్ని చప్పుళ్లో లెక్కించి రెండింతలు చేయండి. నిమిషానికి 160 వస్తే, పెట్టిన వేగానికి టక్ టక్ మని మోగే మెట్రోనోమ్ యాప్‌ను 168కి పెట్టి అదే వేగంతో పరుగెత్తి చూడండి. అడుగుల సంఖ్య 5–10 శాతం పెంచితే మోకాలి మీదా తుంటి మీదా భారం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది.

చప్పుడు గట్టిదనాన్ని మాత్రం మీతో మీరే పోల్చుకోవాలి, అదీ అదే బూటు, అదే ట్రెడ్‌మిల్, అదే వేగం, ఫోను అదే చోట ఉంటేనే. గచ్చిబౌలి స్టేడియం సింథటిక్ ట్రాక్ మీది చప్పుడునూ సిమెంటు రోడ్డు మీది చప్పుడునూ పక్కపక్కన పెట్టి లాభం లేదు. పైగా చాలా ఫోన్లు చిన్న శబ్దాన్ని పెంచి పెద్దదాన్ని తగ్గించేస్తాయి. ఆ సౌకర్యాన్ని ఆపగలిగే రికార్డింగ్ యాప్ వాడండి. చప్పుడు తగ్గించాలని మునివేళ్ల మీద పరుగెత్తకండి. మడమ తప్పించుకున్న భారమంతా పిక్క మీదా మడమ వెనక తాడు లాంటి అకిలిస్ టెండన్ మీదా పడుతుంది.

మా నాన్నగారికి పదిహేనేళ్లుగా షుగరు. రోజూ కేబీఆర్ పార్కులో జాగింగ్ చేస్తారు. అరికాళ్లు మొద్దుబారాయంటున్నారు. ఒత్తిడి ఎక్కువైతే అలారం మోగేలా బూట్లు తయారు చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, బంజారాహిల్స్

ఈ ఆలోచనకు చరిత్ర ఉంది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కుష్ఠురోగుల చేతులకు, పాదాలకు ఎన్నో శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, తర్వాత అమెరికాలోని కార్విల్ ఆస్పత్రిలో పనిచేస్తూ సరిగ్గా ఇలాంటిదే ప్రయత్నించారు. స్పర్శ పోయిన చేతులకు, పాదాలకు సెన్సర్లు తొడిగి, ప్రమాదకరమైన ఒత్తిడి పడితే చెవిలో శబ్దం వచ్చేలా చేశారు. శబ్దం వస్తున్నా రోగులు చేస్తున్న పని ఆపలేదు. చివరికి ఆ ప్రయత్నం వదిలేశారు. నొప్పి మనిషిని ఆపినట్టు శబ్దం ఆపలేదు.

పైగా మామూలు పాదానికి తెలియని సెన్సర్ అంచు, వైరు మడత మొద్దుబారిన పాదంలో పుండు చేస్తుంది. ఆయన బూటులో ఈ పరికరం అసలు పెట్టకండి. ముందు డాక్టరు దగ్గర స్పర్శ తెలుస్తోందో లేదో చూసే సన్నటి నైలాన్ పోగు, 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌తో పాదాలు పరీక్ష చేయించండి. ఆ ఫోర్క్‌ను మోగించి బొటనవేలి ఎముక మీద ఆనిస్తారు. ఆ కంపనం ఆయనకు తెలియకపోతే నరాలు దెబ్బతిన్నట్టే. ఫలితం వచ్చేదాకా జాగింగ్ ఆపించండి. రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు మీరే చూడండి. బూటు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి మునివేళ్లదాకా తడిమి, రాయి గానీ ముడత గానీ లేదని చూశాకే తొడగనివ్వండి.