ఆ రాత్రి కాకి ఏమంది? (పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను సండే స్కూల్ పిల్లలకి చెప్తాను. క్రిస్మస్ రాత్రి పన్నెండింటికి జంతువులు మాట్లాడతాయని ఒక పాత కథ ఉంది కదా, దాన్ని పద్యంలా రాసి ఆరుగురు పిల్లలతో స్టేజ్ మీద చెప్పిద్దామని కూర్చున్నా. "అర్ధరాత్రి సమయమందు జంతువులు మానవ భాషలో సంభాషించెను" అని మొదలుపెట్టా, నాలుగు లైన్లయ్యేసరికి నాకే బరువుగా అనిపించింది, పిల్లలకైతే నోరే తిరగట్లేదు. పైగా మా పెద్దాయన ఒకరు బైబిల్లో ఎద్దూ లేదు గాడిదా లేదు, లేనివి ఎందుకు నేర్పిస్తారు అన్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు పెద్దాయన మాట చూద్దాం అండి, ఎందుకంటే ఆయన అన్నది నిజమే. లూకా సువార్త 2వ అధ్యాయంలో పశువుల తొట్టె ఉంది, పొలంలో కాపరులున్నారు, వాళ్ళ మంద ఉంది, అంతే. అక్కడ హక్కుగా చోటున్నది గొర్రెకి ఒక్కదానికే. మరి ఎద్దూ గాడిదా ఎక్కణ్ణుంచి వచ్చాయంటే యెషయా 1:3 నుంచి. ఎద్దుకి తన యజమాని ఎవరో తెలుసు, గాడిదకి తన తొట్టె ఎక్కడుందో తెలుసు, నా జనానికే తెలియట్లేదు అని ప్రవక్త బాధపడే చోటు అది. ఆ తొట్టెనీ ఈ తొట్టెనీ తొలినాటి క్రైస్తవులు కలిపి చదువుకున్నారు. 4వ శతాబ్దం నాటి రోమన్ రాతి శవపేటికల మీద చెక్కిన బొమ్మలున్నాయి, వాటిలో కొన్నిటి మీద మరియ కూడా ఉండదు, యోసేపూ ఉండడు, గుడ్డల్లో చుట్టిన బాబు, ఒక ఎద్దు, ఒక గాడిద, అంతే. తర్వాత 1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్ళో నిజమైన ఎద్దునీ గాడిదనీ తెప్పించి గడ్డి పరిపించి పుట్టుక పండగ చేశాడు. కాబట్టి మీరు పిల్లలకి ఇది బైబిల్ కథ అని చెప్పకండి, బైబిల్ కథని తరతరాలు ప్రేమగా ఊహించుకుంటూ వస్తే పుట్టిన కథ అని చెప్పండి. పెద్దాయనకి కూడా అదే మాట చెప్పండి, యెషయా వచనం తీసి చూపించండి, ఆయన ఒప్పుకుంటారనే నా నమ్మకం.

ఇక అసలు సంగతి, పద్యం. మీ లైన్ ఎందుకు బరువెక్కిందో చెప్తా, మీరు జంతువులు మాట్లాడాయి అని మనకి చెప్తున్నారు గానీ వాటిని మాట్లాడనివ్వట్లేదు. యూరప్‌లో ఈ కథని శబ్దాలతోనే అల్లినవాళ్ళున్నారు. అక్కడ పాతకాలంలో లాటిన్‌లో చెప్పుకునే వెర్షన్ ఒకటుంది, చాలా ముద్దుగా ఉంటుంది. కోడిపుంజు "క్రిస్తుస్ నాతుస్ ఎస్త్" అని కూస్తుంది, అంటే క్రీస్తు పుట్టాడు అని. బాతు "క్వాందో, క్వాందో" అంటుంది, ఎప్పుడు ఎప్పుడు అని. కాకి "హాక్ నోక్తే", ఈ రాత్రే అంటుంది. ఎద్దు "ఊబీ, ఊబీ", ఎక్కడ ఎక్కడ అని అడుగుతుంది. గొర్రె "బే...త్లెహేం" అంటుంది. గాడిద "ఎయామూస్", పోదాం పదండి అని ఓండ్ర పెడుతుంది. ఒక్కసారి పైకి చదివి చూడండి, ఎవరూ మనిషి భాషలో మాట్లాడట్లేదు, ఎవరి గొంతుతో వాళ్ళు అరుస్తున్నారు, ఆ అరుపులోనే అర్థం దొరికింది. చెప్పే ఊళ్ళని బట్టి ఏ జంతువు ఏ మాట అంటుందో కాస్త మారుతుంది గానీ గొర్రె మాట మాత్రం మారినట్టు నేను చూళ్ళేదు, మారదు కూడా, "బే" అనేది ఇంకెవరంటారు!

అందుకే దీన్ని తెలుగులోకి మాటకి మాట తెచ్చుకుంటే పనికిరాదు. "ఎక్కడ ఎక్కడ" అని ఎద్దు అరవదు కదా. మన చెవికి ఏది ఎలా వినపడుతుందో అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి. నేను రెండు రోజులు ఇదే పనిగా కూర్చున్నా. కోడికి కొక్కొరోకో సరే. బాతు ముక్కు చప్పుడుకి "ఎప్పుడెప్పుడు" అతికినట్టు సరిపోయింది, ఆ "ప్పు" దగ్గర. కాకి దగ్గర ఆగిపోయా. మన భాషలో చివర "కా" వస్తే అది ప్రశ్న అవుతుంది, నాకా, నీకా, వాళ్ళకా అని. లాటిన్ కాకి జవాబు చెప్తే తెలుగు కాకి ప్రశ్న అడగక తప్పదు. ఏం అడుగుతుంది? మాకా? మాలాంటి కాకులకా ఈ సంతోషం? అది తట్టగానే నాకు కళ్ళు చెమర్చాయి, నిజంగా చెప్తున్నా. ఇక ఆవు "అంబా" అంటే అమ్మ అనే, కాబట్టి మన ఆవు బాబు ఎక్కడ అని అడగదు, తల్లిని పలకరిస్తుంది. ఇదిగో రాశాను, మీరు వాడుకోండి:

పాక కప్పు పైన కోడి
రెక్క కొట్టి కూసెనంట
"పుట్టినాడు పుట్టినాడు
కొక్కొరోకొ" అన్నదంట

నీట బాతు మేలుకొనెను
"ఎప్పుడెప్పుడెప్పు"డంది
చెట్టు మీద నల్ల కాకి
చిన్న గొంతు విప్పి అంది

"నల్లనైన కాకులకా?
చెప్పలేని మూగలకా?
చలికి వణుకు పక్షులకా?
సంబరాలు మా కొరకా?"

కొట్టమందు ఆవు లేచి
"అంబ, అంబ, ఒరగవమ్మ
ఊపిరూది వెచ్చ చేస్త
బిడ్డ చలికి వణకడమ్మ"

ఎక్కడంటు అడిగినంత
మందలోని గొర్రెపిల్ల
"బే... బే... బేత్లెహేము"
అడుగులేసె మెల్లమెల్ల

గాడిదొకటి ఓండ్ర పెట్టి
"పోదమింక, పోదమింక
నడవలేని వారినెల్ల
వీపు మీద మోతునింక"

నడక మూడు మాత్రలది. పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికి రెండు, వత్తక్షరం ముందున్నదానికీ సున్నా ఉన్నదానికీ రెండు. పాక, కప్పు, పైన, కోడి, ఒక్కో మాటకి ఒక్కో చప్పట్లు కొట్టించండి, లైనుకి నాలుగు చప్పట్లు వస్తాయి, పిల్లలు పది నిమిషాల్లో పట్టేస్తారు. గొర్రె "బే... బే..." దగ్గర మాత్రం లెక్క చూడకండి, ఆ పాప ఎంత లాగితే అంత లాగనివ్వండి. ఇంకొక్క మాట, కాకి చరణం చెప్పేటప్పుడు మిగతా పిల్లలందరూ కదలకుండా నిలబడాలి, కాకి అడిగాక ఒక రెండు క్షణాలు ఎవరూ ఏమీ అనకూడదు, ఆ తర్వాతే ఆవు లేవాలి. కాకి వేషం మీ క్లాసులో తక్కువ మాట్లాడే పిల్లకి ఇవ్వండి.

ప్రశ్న: ఇదే కథకి ఒక భయంకరమైన వెర్షన్ విన్నాను, రైతు ఒకడు దాక్కుని వింటే ఎద్దులు అతని చావు గురించి మాట్లాడుకుంటాయట. ఇది నిజంగా జానపద కథేనా? పిల్లలకి చెప్పొచ్చా?

జవాబు: నిజంగా పాత కథే అండి, జర్మన్ మాట్లాడే పల్లెల్లో, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ వైపు బాగా చెప్పుకునేవాళ్ళు. ఇద్దరు పనిమనుషుల్లా రెండు ఎద్దులు పక్కపక్కన నిలబడి ఉంటాయి. అటక మీద గడ్డిలో యజమాని నక్కి ఉంటాడు. పన్నెండు కొట్టగానే ఒక ఎద్దు అంటుంది, వచ్చే వారం మనకి పెద్ద బరువు పని ఉందిరా అని. రెండోది ఏం పని అంటే, యజమానిని శ్మశానానికి లాక్కెళ్ళాలి, దారి ఎగుడు కదా, మనిషేమో భారీ మనిషి అంటుంది. అంతే. కొన్ని వెర్షన్లలో అతను పశువుల్ని కొట్టే మనిషి, కొన్నిట్లో ఊరికే వినాలన్న కుతూహలం ఉన్నవాడు. నాకు ఇందులో చావు కంటే ఆ ఎద్దు గొంతే ఎక్కువ గుర్తుండిపోతుంది, కోపం లేదు, పగ లేదు, రేపటి పని గురించి అలసటగా మాట్లాడుకుంటున్నాయి. ఏడాదంతా కాడి కింద ఉన్నవాళ్ళకి ఒక్క గంట నోరు దొరికితే ఏం మాట్లాడతారు, పని గురించే కదా.

పదేళ్ళు దాటిన పిల్లలకి చెప్పండి, మార్చకుండా చెప్పండి. చిన్నవాళ్ళకైతే వద్దు, వాళ్ళకి ఈ రాత్రి ఇంకో పక్క చెప్పండి. పోలాండ్‌లో క్రిస్మస్ ముందురోజు రాత్రి భోజనానికి ముందు ఇంటిల్లిపాదీ విరుచుకు తినే పల్చటి అప్పం ఉంటుంది, ఓప్వాతెక్ అంటారు, మనుషులది తెల్లగా ఉంటుంది, పశువుల కోసం రంగు కలిపి వేరే చేసి కొట్టంలోకి తీసుకెళ్ళి తినిపించే ఆచారం ఉంది. నార్వేలో పక్షుల కోసం ఓట్స్ వెన్నుల కట్ట ఒకటి కర్రకి కట్టి ఇంటి బయట నిలబెడతారు. దాక్కుని వినడం ఒక దారి, తిండి తీసుకెళ్ళడం ఒక దారి.

అదే రాత్రి పశువులు మోకాళ్ళ మీద వంగుతాయని కూడా ఇంగ్లండ్ పల్లెల్లో గట్టిగా నమ్మేవాళ్ళు. 1752లో బ్రిటన్ క్యాలెండర్ మార్చింది కదా, సెప్టెంబర్ 2 తర్వాత రోజు ఏకంగా 14 అయింది, 11 రోజులు ఎగిరిపోయాయి, అప్పుడు చాలామందికి అసలు క్రిస్మస్ ఏది అన్న అనుమానం వచ్చింది. పాత లెక్క ప్రకారం జనవరి 4 రాత్రే అసలైన ముందురోజు అని పట్టుబట్టినవాళ్ళు పశువులు ఏ రాత్రి వంగితే అదే నిజం అనుకున్నారు. ప్రభుత్వం మాట కంటే కొట్టంలో ఆవు మాటే సాక్ష్యం!

ఇందులో కంటితో చూసిన నిజం కూడా ఉంది. ఆవు పడుకునేటప్పుడు ముందు కాళ్ళు మడిచి మోకాళ్ళ మీదికి వస్తుంది, లేచేటప్పుడు వెనక భాగం ముందు లేస్తుంది, అప్పుడు ఒక్క క్షణం తల కిందికి వంచి ముందు మోకాళ్ళ మీదే ఆగుతుంది. గుర్రం అలా లేవదు, అది ముందు కాళ్ళు చాచి లేస్తుంది. చలి రాత్రి లాంతరు పట్టుకుని కొట్టం తలుపు తీస్తే ఆ వెలుగుకి ఆవు లేవబోతూ ఆ ఒక్క క్షణం దగ్గర కనపడుతుంది, ముక్కుల్లోంచి ఆవిరి వస్తూ ఉంటుంది. చూసినవాడికి ప్రార్థన చేస్తున్నట్టే ఉంటుంది కదండీ, నేనైతే వాళ్ళని తప్పు పట్టలేను. మీ ఆవు వేషం పిల్లకి ఇది నేర్పించండి, నడుం ముందు లేపి, మోకాళ్ళ మీద ఒక క్షణం ఆగి, అప్పుడు "అంబ" అనాలి.

ప్రశ్న: ఈ జంతువుల్లో రెయిన్‌డీర్‌ని కూడా కలపొచ్చా? మా బాబు ఎర్రముక్కు రుడాల్ఫ్ కావాలని ఏడుస్తున్నాడు.

జవాబు: అది వేరే వరస కథ అండి, ఈ పశువుల కొట్టానికి సంబంధం లేదు. శాంటా బండికి ఎనిమిది రెయిన్‌డీర్లు కట్టింది 1823లో అమెరికాలో పేపర్‌లో అచ్చయిన ఒక కవిత. రుడాల్ఫ్ ఇంకా కొత్తవాడు, 1939లో ఒక పెద్ద స్టోర్ తన దగ్గరికి వచ్చే పిల్లలకి ఉచితంగా పంచడానికి ఉద్యోగి రాబర్ట్ మే చేత రాయించుకున్న చిన్న పుస్తకంలో పుట్టాడు, అది కూడా పద్యమే. మంచి కథే, కానీ వేరే రోజు చెయ్యండి. బాబుకి ఈ విషయం చెప్తే ఏడుపు ఆగొచ్చు: పెద్ద మగ రెయిన్‌డీర్ల కొమ్ములు చలికాలం మొదట్లోనే రాలిపోతాయి, ఆడవాటికి ఉంటాయి, మరి బొమ్మల్లో అన్నిటికీ కొమ్ములున్నాయి కదా, అవి ఎవరో వాణ్ణే చెప్పమనండి.

ప్రశ్న: మా చిన్నోడికి ఒంటె వేషం ఇచ్చారండి, ఒక్క డైలాగ్ కూడా లేదు. ఆరేళ్ళు వాడికి. రోజూ అద్దం ముందు నిలబడి మెడ ఊపుతున్నాడు, ఒంటె ఏమంటుంది అమ్మా అని అడుగుతున్నాడు. ఏం చెప్పను?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి మిగతావన్నీ పక్కన పెట్టి ముందు దీనికే రాశాను. ఒంటె కూడా ఎద్దూ గాడిదల్లాగే, మత్తయి సువార్తలో జ్ఞానులు తూర్పు నుంచి వచ్చారనే ఉంది, దేని మీద వచ్చారో లేదు. అదీ యెషయా నుంచే వచ్చింది, 60వ అధ్యాయంలో బంగారం, ధూపద్రవ్యం మోసుకొచ్చే ఒంటెలున్నాయి. లెబనాన్, సిరియా వైపు క్రైస్తవుల్లో ఒక కథ చెప్తారు. జ్ఞానుల ఒంటెల్లో అన్నిటికంటే చిన్నది దారిపొడుగునా నడిచి నడిచి, చేరేసరికి ఒంట్లో ఓపిక లేక తలుపు దగ్గరే కూలబడిపోయిందట, బాబు దాన్ని చూసి దీవించాడట. అందుకే అక్కడ జనవరి 6 పండక్కి పిల్లలకి బహుమతులు తెచ్చేది ఆ చిన్న ఒంటే అని చెప్పుకుంటారు. మీవాడు చెయ్యాల్సింది ఆ ఒంటె. టీచర్‌ని అడిగి గాడిద చరణం తర్వాత ఈ నాలుగు లైన్లు వాడి చేత చెప్పించండి:

"చిన్న కాళ్ళు నొచ్చె గాని
చుక్క వెంట నడిచినాను
అందరొచ్చినాక వచ్చి
తొట్టె పక్క ఒరిగినాను"

స్టేజ్ మీదికి అందరికంటే ఆలస్యంగా, హాలు వెనక తలుపు నుంచి జనం మధ్యలోంచి నడుచుకుంటూ రానివ్వండి, తొందరపెట్టకండి. "ఒరిగినాను" అన్నాక నిజంగానే తొట్టె పక్కన పడుకోమనండి, చివరి పాట అయ్యేదాకా లేవక్కర్లేదు, నిద్రపోయినా ఫర్వాలేదు.