గాబా గురించి రాసే తమ్ముడికి

తమ్ముడూ,

నిద్రమాత్రల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష హాయిగా సాగింది. కానీ "ఈ మందులు మెదడులోని గాబా గ్రాహకం మీద పనిచేసి మనసును శాంతపరుస్తాయి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఏ గ్రాహకం అని నీకు అనుమానం రాలేదా?

గాబా అంటే మెదడు కణాల ఉత్తేజాన్ని తగ్గించే రసాయనం. అది అంటుకునే ప్రోటీనే గ్రాహకం. నువ్వు చెప్పిన మందులు పనిచేసేది గాబా-ఎ అనే రకం మీద. అదీ ఒక్కటి కాదు, పెద్ద కుటుంబం. సబ్‌యూనిట్లు అనే ఐదు ప్రోటీన్ ముక్కలు గుండ్రంగా చేరితే, మధ్యలో క్లోరైడ్ అయాన్లు వెళ్లే దారి ఏర్పడుతుంది. మనిషిలో ఈ సబ్‌యూనిట్లకు 19 జన్యువులున్నాయి. మెదడులో ఎక్కువగా కనిపించే కూర్పు రెండు ఆల్ఫా-1, రెండు బీటా-2, ఒక గామా-2. జాబితా మొత్తం వ్యాసంలో కుమ్మరించకు, చదివేవాళ్లు పారిపోతారు. వాళ్లను ఈ సబ్‌యూనిట్ల మధ్య ఉండే ఒక్క సందు దగ్గరికి తీసుకెళ్లు, చాలు.

గాబా అంటుకునేది బీటాకీ ఆల్ఫాకీ మధ్య. ఆందోళన తగ్గించడానికి ఇచ్చే డయాజిపామ్ అనే మందు అంటుకునేది ఆల్ఫాకీ గామాకీ మధ్య. అందుకే మందును దారి తెరిచే తాళంచెవితో పోల్చావు చూడు, ఆ పోలిక తీసెయ్. డయాజిపామ్ తనంతట తాను దారి తెరవదు. గాబా ఉన్నప్పుడు ఆ దారి మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తుంది, అంతే. గామా బదులు డెల్టా ఉన్న గ్రాహకాల్లో ఆ సందే ఉండదు. వాటిమీద న్యూరోస్టిరాయిడ్లు, అంటే మెదడు మీద పనిచేసే స్టిరాయిడ్లు, బాగా పనిచేస్తాయి. ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్‌కు 2019లో అమెరికాలో అనుమతి పొందిన బ్రెక్సనొలోన్ ఆ కోవలోదే.

ఇక నువ్వు తీరిగ్గా చెప్పాల్సిన చోటు ఇది. ఆల్ఫా-1, 2, 3, 5లలో ఒకానొక స్థానంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఆల్ఫా-4, 6లలో అక్కడ ఆర్జినిన్ ఉంటుంది. ఆ ఒక్క తేడాకే డయాజిపామ్ వాటిని పట్టుకోలేదు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఆల్ఫా-1లోని 101వ హిస్టిడిన్‌ను ఆర్జినిన్‌గా మార్చారు. 1999లో ఫలితం చెప్పారు: డయాజిపామ్ ఇస్తే ఆ ఎలుకలకు మత్తు రాలేదు, ఆందోళన మాత్రం తగ్గింది. మరుసటి ఏడాది ఆల్ఫా-2లో అదే మార్పు చేస్తే ఫలితం తిరగబడింది: మత్తు వచ్చింది, ఆందోళన తగ్గలేదు. ఒకే మాత్ర చేసే రెండు పనులు రెండు సబ్‌యూనిట్ల మీదుగా నడుస్తున్నాయన్నమాట. నన్నడిగితే వ్యాసమంతా దీని చుట్టూనే అల్లొచ్చు. నువ్వు రాసిన జోల్పిడెమ్ కూడా ఇక్కడే అర్థమవుతుంది. దాని మొగ్గు ఆల్ఫా-1 వైపు, అందుకే అది నిద్రమాత్ర అయింది. ఆల్ఫా-5 జోలికి దాదాపు వెళ్లదు.

అయితే ఉత్సాహంలో "మత్తు లేని మందు వచ్చేసినట్టే" అని రాసేయకు. ఎంఆర్‌కే-409 అనే మందు జంతువుల్లో పెద్దగా మత్తు లేకుండానే ఆందోళన తగ్గించింది. మనుషులకిస్తే తక్కువ మోతాదుకే మత్తు వచ్చింది. ఈ సంగతి తప్పకుండా ఉండాలి, లేకపోతే అది వ్యాసం కాదు, ప్రకటన.

ఇంకొకటి. నీ పాఠకుల్లో ఈ మాత్రలు రోజూ వేసుకునేవాళ్లుంటారు. చాలాకాలం వాడి, డాక్టర్‌ను అడగకుండా ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. ఆ వాక్యాన్ని చివరి పేరాలో పెట్టావు. అక్కడిదాకా ఎంతమంది చదువుతారు? పైకి జరుపు. మార్చాక మళ్లీ పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య