చేతినిండా పని ఉంది, చేతిలో మాత్రం ఏమీ మిగలడం లేదు!

ప్రశ్న: మా అమ్మాయి నగల తయారీలో శిక్షణ పూర్తి చేసి, ఏడాదిన్నరగా ఇంట్లోనే ఒక గదిలో సొంతంగా పని చేసుకుంటోంది. వెండి, బంగారు నగలు చేత్తో చేస్తుంది. తెగిన గొలుసులు, వదులైన ఉంగరాలు బాగుచేస్తుంది. పొద్దస్తమానం పనిలోనే ఉంటుంది, అయినా నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు. ధర చెప్పాల్సి వస్తే టెన్షన్ పడిపోయి తక్కువ చెప్పేస్తుంది. ఇది మాన్పించి ఉద్యోగంలో చేర్పించమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, తొందరపడి మాన్పించకండి. పని రాకపోతే అది పెద్ద చిక్కే. మీ అమ్మాయికి పని వస్తోంది, మనుషులు నమ్మి నగలు చేతికిస్తున్నారు. తేలనిదల్లా ధర. అది నేర్చుకుంటే వచ్చేదే.

నగ అనగానే అందరికీ తూకం గుర్తొస్తుంది. లోహం ధర, దానిమీద తరుగు, మజూరీ. ఒకే డిజైన్‌ను యంత్రాల మీద వందల్లో తీసే చోట ఆ లెక్క నడుస్తుంది. ఒంటరిగా చేత్తో చేసే మనిషిని అదే లెక్క ముంచుతుంది. 3 గ్రాముల సన్నని తీగపని దిద్దులకు 6 గంటలు పట్టవచ్చు. 20 గ్రాముల నున్నటి కడియం 2 గంటల్లో అయిపోవచ్చు. గ్రాముకు ఇంత అని మజూరీ వేస్తే, ఎక్కువ కష్టపడిన దిద్దులకే తక్కువ డబ్బు వస్తుంది. వెండిలో చేస్తే మరీ అన్యాయం. చేతిపని అంతే ఉంటుంది, లోహం చవక కాబట్టి దాని ధరలో ఇంత శాతం అని వేసే మజూరీ దాదాపు మాయమవుతుంది. అందుకని ముందు తన గంటకు ధర కట్టుకోమనండి.

దానికి లెక్క ఇలా వేయాలి. నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలు అంటే 200 గంటలు. కానీ అన్నీ డబ్బు తెచ్చే గంటలు కావు. వచ్చినవాళ్లతో మాట్లాడటం, సామాను తేవడం, ఫొటోలు తీయడం, లెక్కలు రాయడం, బల్ల శుభ్రం చేసుకోవడం పోగా నిజంగా నగ మీద చెయ్యి ఉండేది 120 గంటలు అనుకుందాం. గది అద్దె, కరెంటు, గ్యాస్, రంపం తీగలు, ఆకురాళ్లు, పనిముట్ల అరుగుదల, బీమా, పన్ను, వీటన్నిటితో పాటు తను బతకడానికి కావాల్సిన జీతం కలిపి ఆ మొత్తాన్ని 120తో భాగించాలి. 200తో భాగిస్తే గంటకు రావాల్సిన దానిలో 60 శాతమే చేతికొస్తుంది. చాలామంది సరిగ్గా ఇక్కడే నష్టపోతారు. సొంత గదికి అద్దె ఎందుకని కూడా అనుకోవద్దు. రేపు పని పెరిగి బయట గది తీసుకోవాల్సి వస్తే, అప్పుడు ఒక్కసారిగా ధరలు పెంచడం చాలా కష్టం.

కొత్తగా చేసే నగ విషయానికొస్తే, లోహాన్ని తను కొన్న ధరకు కాదు, ఈ రోజు మళ్లీ కొనాలంటే పడే ధరకు కట్టాలి. తయారైన నగ తూకం ఒక్కటే చూస్తే చాలదు. కోతలో, ఆకురాయి కింద పోయేది కూడా ఉంటుంది. ఆ రజను ఏరి శుద్ధికి ఇస్తే కొంత తిరిగి వస్తుంది కానీ మొత్తం రాదు, శుద్ధి చేసినవాళ్ల ఖర్చు వేరే. బంగారం ధర రోజూ మారుతుంది కాబట్టి, చెప్పిన ధర ఎన్ని రోజులు చెల్లుతుందో కాగితం మీద రాసివ్వాలి. లోహం ఖర్చుకు సరిపడా అడ్వాన్స్ తీసుకున్నాకే పని మొదలుపెట్టాలి.

గంటల విషయంలో తను కూడా నిజాయితీగా ఉండాలి. కొత్త డిజైన్ మొదటిసారి చేస్తే 9 గంటలు, మూడోసారికి 5 గంటలు పట్టిందనుకోండి. చెయ్యి తిరగడానికి పట్టిన ఆ 4 గంటలు కొనేవారి మీద వేయకూడదు. అదే ఒక్కరి కోసం, ఒక్కసారే చేసే నగ అయితే గీసుకున్న గంటలు, నమూనా చేసిన గంటలు అన్నీ పూర్తిగా వాళ్లవే. ఈ తేడా కొనేవారికి ముందే చెబితే ఎవరూ తప్పుపట్టరు. జీతం వేరు, లాభం వేరు అన్నది కూడా తనకు స్పష్టంగా ఉండాలి. గంటల కూలి తన జీతం. దానిపైన కొంత లాభం కలపకపోతే కొత్త పనిముట్టు కొనడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక రిపేర్లు. మీ అమ్మాయి ఎక్కువ నష్టపోతున్నది ఇక్కడేనని నాకనిపిస్తోంది. తెగిన గొలుసు అతకడానికి మంట పెట్టేది రెండు నిమిషాలే. కానీ నగ తీసుకోవడం, భూతద్దంతో చూడటం, రాసుకోవడం, కడగడం, అతుకు బాగా పట్టేలా వెలిగారం పూసి అతకడం, నలుపు పోగొట్టడం, మెరుగు పెట్టడం, తిరిగి అప్పగించడం కలిపితే ముప్పావు గంట పోతుంది. అందుకే ఎంత చిన్న పనికైనా ఇంతకు తగ్గదు అని ఒక కనీస ధర ఉండాలి.

దీనికి తోడు ప్రమాదం ఒకటుంది. తను చేసే నగ చెడితే కరిగించి మళ్లీ చేసుకుంటుంది. ఇంకొకరి నాయనమ్మ ఉంగరం చెడితే మళ్లీ రాదు. ఓపల్ రాయిలో నీరుంటుంది, వేడికి పగులుతుంది. ముత్యం మంటకూ ఆగదు, ఆమ్లానికీ ఆగదు. పచ్చల్లో చాలావాటికి లోపలి పగుళ్లు కనిపించకుండా నూనె ఎక్కించి ఉంటారు, వేడి తగిలితే అవి బయటపడతాయి. వజ్రం కూడా మంట నుంచి కాపాడే పూత లేకుండా వేడికి గురైతే పైన మసకబారుతుంది. అన్నిటికంటే భయపెట్టేది సీసం. ఎవరో ఎప్పుడో సీసం కలిసిన టంకంతో, అంటే అతుకు కోసం కరిగించే లోహంతో, అతికి ఉంటే, మంట పెట్టగానే ఆ సీసం బంగారాన్ని తినేసి గుంతలు చేస్తుంది. అందువల్ల అతకాలంటే ముందు రాళ్లు తీసి, తర్వాత మళ్లీ పొదగాల్సి ఉంటే ఆ గంటలు కూడా ధరలో చేరాలి. ఆ బాధ్యతకు కొంత వేరుగా కలపాలి. అది అత్యాశ కాదు.

నగ తీసుకునేటప్పుడే వాళ్ల ఎదురుగా తూచి, ఫొటో తీసి, ఉన్న పగుళ్లు, అరిగిన చోట్లు, పాత అతుకులు చీటీలో రాసి చూపించాలి. లోపల ఇంకేమైనా బయటపడితే అడిగాకే ముందుకు వెళ్తానని చెప్పాలి. చేయలేననిపించిన పనిని మర్యాదగా వద్దనడం కూడా ఈ వృత్తిలో నేర్చుకోవాల్సిందే.

టెన్షన్ సంగతి చెప్తాను. అప్పటికప్పుడు అవతలివారి మొహం చూసి ధర ఆలోచించాల్సి రావడం వల్లే ఆ టెన్షన్. తరచూ వచ్చే పదీ పన్నెండు పనులకు గడియారం పెట్టి సమయం రాసుకోమనండి. బాగా జరిగిన రోజు సమయం కాదు, సగటు తీసుకోవాలి. ఆ ధరల పట్టిక గోడకు అంటిస్తే తను నోరు విప్పి చెప్పాల్సిన అవసరమే ఉండదు. ఎవరైనా తగ్గించమంటే పని తగ్గించాలి. బంగారం బదులు వెండి, మూడు రాళ్ల బదులు ఒకటి, అలా. అదే పని చేస్తూ తన కూలిలో కోసుకోకూడదు. బంధువులకు ఊరికే చేసిపెట్టాలనిపిస్తే చేయనివ్వండి, కానీ బిల్లులో పూర్తి ధర రాసి, కింద తగ్గింపు చూపించాలి. లేకపోతే ఆ తగ్గిన ధరే అసలు ధరగా నలుగురికీ చేరుతుంది.

ఉద్యోగం గురించి అడిగారు. వారానికి రెండు రోజులు అనుభవమున్న పనివారి దగ్గర రాళ్లు పొదగడం నేర్చుకునే అవకాశం ఉంటే మాత్రం పంపండి, అలా కొన్నాళ్లపాటు నిలకడగా కొంత ఆదాయమూ ఉంటుంది. పూర్తిగా మానేయడం గురించి ఇప్పుడే నిర్ణయించకండి. ఈ నెలంతా ప్రతి పనికీ పట్టిన సమయం, వచ్చిన డబ్బు ఒక నోట్‌బుక్‌లో పక్కపక్కనే రాయమనండి. నెల తిరిగాక ఇద్దరూ కూర్చుని, గంటకు అతి తక్కువ ఇచ్చిన మూడు పనులు ఏవో చూడండి. ముందు ఆ మూడింటి ధర మార్చమనండి.