ప్రేమ పుట్టకపోతే లోపం ఉన్నట్టేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి, ఎవరి మీదా ప్రేమో ఆకర్షణో కలగకపోవడం. అందుకే అన్నిటికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను. పేర్లు ఎవరివీ వేయడం లేదు.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. మాది రాజమండ్రి, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఇంటర్ నుంచీ నా ఫ్రెండ్స్ అందరికీ క్రష్‌లు, బ్రేకప్‌లు. నాకు ఎవరి మీదా అలాంటిది కలగలేదు. హాస్టల్లో అడిగితే ఏదో ఒక హీరో పేరు చెప్పి తప్పించుకునేదాన్ని. ఈమధ్య నెట్‌ఫ్లిక్స్‌లో 'హార్ట్‌స్టాపర్' రెండో సీజన్ చూస్తుంటే ఐజాక్ సీన్ల దగ్గర ఏడుపు ఆగలేదు. ఒక సిరీస్‌లో పాత్రను చూసి 'నేనూ ఇంతే' అనుకోవచ్చా? లేక నాకు సరైన మనిషి ఇంకా తారసపడలేదంతేనా?

జవాబు: అనుకోవచ్చు. అందుకు ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, రక్తపరీక్షా లేదు. ముందు రెండు సంగతులు విడదీసి చెబుతాను, చాలామంది ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటున్నారు కాబట్టి. ఎవరి మీదా లైంగిక ఆకర్షణ కలగనివాళ్లు, లేదా ఎప్పుడో అరుదుగా తప్ప కలగనివాళ్లు ఏసెక్సువల్. ఎవరితోనూ ప్రేమలో పడాలని అనిపించనివాళ్లు ఏరొమాంటిక్. కొందరు రెండూ, కొందరు ఒకటే. 'బోజాక్ హార్స్‌మన్' అనే యానిమేషన్ సిరీస్‌లో టాడ్ ఏసెక్సువల్, కానీ అతనికి ఒక తోడు కావాలి, డేటింగ్‌కి కూడా వెళతాడు. 2016లో వచ్చిన మూడో సీజన్ చివర్లో తను ఎవరో తనకే అర్థం కాక 'నేను అసలు ఏదీ కాదేమో' అనుకున్నవాడు, ఆ మరుసటి ఏడాది సీజన్లో తన సంగతి తనే నోరు తెరిచి చెప్పుకుంటాడు. ఐజాక్ సంగతి వేరు, అతనికి ఆకర్షణా లేదు, ప్రేమలో పడటమూ లేదు.

మీకు ఏడుపు ఎందుకొచ్చిందో నాకు అర్థమైందనే అనుకుంటున్నాను. ఫ్రెండ్స్ అందరూ జంటలవుతుంటే చేతిలో పుస్తకంతో పక్కన నిలబడే కుర్రాడు ఐజాక్. జేమ్స్ అనే అబ్బాయి అతన్ని ఇష్టపడతాడు, ముద్దు కూడా అవుతుంది, కానీ ఐజాక్ మనసులో ఏమీ కదలదు. జేమ్స్‌లో వంక పెట్టడానికేమీ లేదు, మంచివాడు. ఈ సీన్ రాసిన తీరు నాకు అందుకే చాలా నచ్చింది. వాడు దుర్మార్గుడై ఉంటే చూసేవాళ్లందరం 'వీడు కాకపోతే ఇంకొకడు దొరుకుతాడులే' అని తేలిగ్గా అనేసుకుని ముందుకెళ్లిపోయేవాళ్లం. తర్వాత ఒక ఆర్ట్ ప్రదర్శన దగ్గర తనలాంటి ఆర్టిస్టు చెప్పేది వింటున్నప్పుడు ఆ కుర్రాడి మొహం మారిపోవడం మీకూ గుర్తుండే ఉంటుంది. ఇది రాసిన ఆలిస్ ఓస్మన్ కూడా ఏరొమాంటిక్, ఏసెక్సువల్. సిరీస్‌కి మూలమైన కామిక్‌లో ఐజాక్ అనే పాత్రే లేదు, సిరీస్ కోసం కొత్తగా రాశారు. 2020లో వచ్చిన ఓస్మన్ నవల 'లవ్‌లెస్'లో కూడా అచ్చం మీలాగే తికమకపడే ఒక కాలేజీ అమ్మాయి ఉంటుంది, దొరికితే చదవండి.

ఇక 'సరైన మనిషి' మాట. అబ్బాయిలంటే ఇష్టపడే అమ్మాయిని పట్టుకుని 'నీకు సరైన అమ్మాయి ఇంకా తారసపడలేదేమో' అని ఎవరూ అనరు కదా, ఆమె మాట అలాగే నమ్ముతారు. మీ మాటనీ అలాగే నమ్మాలి, ముందు మీరే నమ్మాలి. రేపెప్పుడైనా మనసు మారితే మారనీయండి, ఇవాళ చెప్పింది అబద్ధమైపోదు. ఐజాక్‌లో ఉన్నవన్నీ మీలో ఉండాలనీ లేదు. హాస్టల్లో హీరో పేరు చెప్పి తప్పించుకున్నానని రాశారే, అది ఇంకా చేస్తుంటే మాత్రం ఒక్క ఫ్రెండ్ దగ్గరైనా మానేయండి. ఒక్కరికి నిజం తెలిసినా చాలా తేలికపడతారు.

ప్రశ్న: ఈ ఏసెక్సువల్ అనడంలో కొత్తేముంది? మన భీష్ముడు, మన ఆంజనేయుడు వీళ్లే కదా. బ్రహ్మచర్యాన్నే ఇప్పుడు గుర్తింపు అంటున్నారని నా అభిప్రాయం. (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: భీష్ముడు తండ్రి కోసం ప్రతిజ్ఞ చేశాడు. అది అంత భీషణమైన ప్రతిజ్ఞ ఎందుకైందంటే ఆయన వదులుకున్నది అంత పెద్దది కాబట్టి. ఏసెక్సువల్ మనిషి దేన్నీ వదులుకోలేదు, ఏ వ్రతమూ పట్టలేదు, కోరికను అణచుకుని కూర్చోలేదు. పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్న ఏసెక్సువల్స్ ఉన్నారు, ఆకర్షణ పుష్కలంగా ఉండీ జీవితమంతా బ్రహ్మచారిగా ఉన్నవాళ్లూ ఉన్నారు. మీరు గౌరవంతోనే అడిగారని తెలుసు. కానీ 'అబ్బ, ఎంత నిగ్రహం' అని దండం పెడితే అలాంటి కుర్రాడికి ఒరిగేదేమీ లేదు, ఇంట్లో పెళ్లి సంబంధాల గొడవ ఆగితే అంతకన్నా మేలు.

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయికి 31, బెంగళూరులో సాఫ్ట్‌వేర్. ఎన్ని సంబంధాలు చూసినా వద్దంటున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు గట్టిగా అడిగితే 'ఆడవాళ్ల మీదా మగవాళ్ల మీదా నాకు ఎవరి మీదా అలాంటి దృష్టి లేదమ్మా, చిన్నప్పటి నుంచీ ఇంతే, నన్ను వదిలేయండి' అన్నాడు. మా ఆడపడుచు పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయంటోంది. మావారేమో హార్మోన్ టెస్టులు చేయిద్దామంటున్నారు. ఏదో ఇంగ్లిష్ సీరియల్లో ఇలాంటి మనిషికే మెదడులో గడ్డ ఉందని డాక్టరు కనిపెట్టాడట. అప్పటి నుంచీ నాకు నిద్ర లేదు.

జవాబు: అమ్మా, ముందు ఆ సీరియల్ సంగతి తేల్చేద్దాం, మీ నిద్ర పాడు చేసింది అదే కాబట్టి. అది అమెరికా వాళ్ల 'హౌస్', 2012 జనవరిలో వచ్చిన ఎపిసోడ్. ఏసెక్సువల్‌మని చెప్పుకునే ఒక జంట ఉంటారు. హౌస్ అనే డాక్టరు దాన్ని నమ్మడు, దీని వెనక జబ్బు ఉండి తీరుతుందని తోటి డాక్టరుతో పందెం కాస్తాడు. చివరికి భర్తకు మెదడు కింద ఉండే పిట్యుటరీ గ్రంథి దగ్గర గడ్డ ఉందని తేలుస్తారు, భార్యేమో అతని కోసం ఇన్నాళ్లూ అబద్ధం చెప్పానని ఒప్పుకుంటుంది. ఒకరికి జబ్బు, ఇంకొకరిది అబద్ధం, హౌస్ పందెం గెలిచాడు, కథ అయిపోయింది. ఆ రోజుల్లో టీవీలో ఏసెక్సువల్ పాత్ర కనిపించడమే అరుదు, కనిపించినప్పుడు కూడా అలా చూపించారని ఎంతమంది బాధపడ్డారో. సముద్రాలు దాటొచ్చి ఇన్నేళ్ల తర్వాత అదే ఎపిసోడ్ గుంటూరులో ఒక తల్లిని భయపెట్టిందంటే నాకు నిజంగా కోపం వస్తోంది.

గడ్డలు అసలు ఉండవని కాదు. ఇంతకుముందు కోరిక ఉన్న మనిషికి ఉన్నట్టుండి పోతే, దాంతోపాటు తలనొప్పులో, చూపు మందగించడమో, విపరీతమైన నీరసమో ఉంటే, లేదా డిప్రెషన్‌కి మందులు మొదలుపెట్టాక ఇలా అయితే, డాక్టరు దగ్గరకు తప్పకుండా వెళ్లాలి. మీ అబ్బాయి చెప్పింది అది కాదు. చిన్నప్పటి నుంచీ ఇంతే అన్నాడు, దానికి తను బాధపడుతున్నాననీ అనలేదు. బాధపడుతున్నది మీరు. అమెరికా మానసిక వైద్యులు రోగనిర్ధారణకు వాడే డీఎస్ఎమ్ అనే పుస్తకంలోనే, 2013 నాటి అయిదో ఎడిషన్ నుంచి, తనను తాను ఏసెక్సువల్‌గా చెప్పుకునే మనిషికి కోరిక తక్కువనే జబ్బు పేరు పెట్టకూడదని రాసుకున్నారు. కెనడాలో ఆంథొనీ బోగార్ట్ అనే ప్రొఫెసర్ బ్రిటన్‌లో 18 వేల మందికి పైగా ఇచ్చిన సర్వే జవాబులను పరిశీలించి 2004లో ఒక పేపర్ రాశాడు. అందులో దాదాపు 1 శాతం మంది తమకు ఎవరి మీదా ఎప్పుడూ లైంగిక ఆకర్షణ కలగలేదన్నారు. అంటే వందలో ఒకరు. మీ వీధిలోనూ ఉండొచ్చు, చెప్పుకోలేక పెళ్లిళ్లలో ఎవరికంటా పడకుండా వెనక కుర్చీల్లో కూర్చునేవాళ్లు.

ఇప్పుడు మీ ఆడపడుచు మాట. సర్దుకోవాల్సింది ఎవరో ఒక్కసారి ఆలోచించండి. ఏమీ తెలియకుండా మూడు ముళ్లు వేయించుకుని వచ్చిన పిల్ల. శోభనం రాత్రి నుంచీ తనలోనే ఏదో లోపం ఉందనుకుంటూ, పుట్టింటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియక కుమిలిపోయే పిల్ల. చట్టం కూడా దీన్ని చిన్న విషయంగా చూడదు. శారీరకమైన ఇబ్బందీ సరైన కారణమూ లేకుండా భార్యో భర్తో చాలాకాలం దాంపత్యం వద్దంటే అది మానసిక క్రూరత్వం కిందకు రావచ్చని సుప్రీంకోర్టు 2007లో సమర్ ఘోష్ కేసులో చెప్పింది, అలాంటి కారణంతో విడాకులు అడగొచ్చు. ఇంకో కేసు మన దగ్గరదే, కడప కోర్టులో మొదలైంది. భార్య కాపురానికి రావాలని భర్త వేసిన ఆ కేసులో 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జస్టిస్ పి.ఎ. చౌదరి, ఇష్టం లేని మనిషిని కోర్టు ఉత్తర్వుతో దాంపత్యంలోకి నెట్టడం రాజ్యాంగానికే విరుద్ధమని హిందూ వివాహ చట్టంలో 9వ సెక్షన్‌నే కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు, ఆ సెక్షన్ నేటికీ ఉంది. అయినా ఆ తీర్పు చదువుతుంటే నాకు ఇప్పటికీ ధైర్యం వస్తుంది. ఒక మనిషి ఒంటి మీద ఆ మనిషికే హక్కని అంత గట్టిగా చెప్పినవాళ్లు మన దగ్గరే ఉన్నారు.

మీ అసలు భయం 'మా తర్వాత వాడిని ఎవరు చూస్తారు' అనేదే అయితే అది న్యాయమైన భయమే. దాని గురించి వాడితో నేరుగా మాట్లాడండి. దగ్గరి స్నేహితులెవరు, ఒంట్లో బాగోలేకపోతే ఎవరు వస్తారు, ఇల్లు కొనే ఆలోచన ఉందా, ఇన్సూరెన్స్‌లో, బ్యాంకులో నామినీగా ఎవరి పేరు ఉంది, ఇవన్నీ అడగండి. కూర్చోబెట్టి ఇవి అడిగితే వాడు సంతోషంగా జవాబిస్తాడని నా నమ్మకం, ఎందుకంటే మీరు తన మాట నమ్మారని అర్థమవుతుంది. మ్యాట్రిమోనీలో పెట్టిన ప్రొఫైల్ ఈ వారమే తీయించేయండి. బంధువులు అడిగితే 'వాడు వద్దన్నాడు, మేం చూడటం మానేశాం' అనండి చాలు, కారణాలు చెప్పక్కర్లేదు. చెప్పాలో వద్దో వాడి ఇష్టం.

ప్రశ్న: షార్ట్ ఫిల్మ్ రాస్తున్నాను. మెయిన్ క్యారెక్టర్ ఏరొమాంటిక్ అమ్మాయి. కథలో కాన్‌ఫ్లిక్ట్ లేదు, బోర్ కొడుతుందని మా టీమ్ అంటోంది. అందుకే చివర్లో ఒకబ్బాయి పరిచయమై, అతని మంచితనానికి ఆమె కరిగిపోయినట్టు పెట్టాను. మీరేమంటారు? (హైదరాబాద్)

జవాబు: ఆ చివరి సీన్ తీసేయండి. మొహమాటం లేకుండా చెబుతున్నాను, అది ఉంటే మీ సినిమా ఆ అమ్మాయి సినిమా కాదు, ఆమెను మార్చిన అబ్బాయి సినిమా. ప్రేమ అంటే పడని మనిషి ఇంటర్వెల్ కల్లా ప్రేమలో పడటం మన ప్రేక్షకులు ఎన్నిసార్లు చూశారో లెక్కే లేదు. ఐజాక్‌ని చూసి ఏడ్చిన ఆ రాజమండ్రి అమ్మాయి మీ సినిమా చూస్తే ఏమనుకుంటుందో ఆలోచించండి.

మీ టీమ్ అన్న మాట పెద్దపెద్దవాళ్లూ అన్నారు. బీబీసీ డిటెక్టివ్ సీరియల్ 'షెర్లాక్' సృష్టికర్తల్లో ఒకరైన స్టీవెన్ మొఫాట్ 2012లో, షెర్లాక్ ఏసెక్సువల్ అయితే అందులో టెన్షనే ఉండదు, మజా ఉండదు అన్నాడు. పదేళ్ల తర్వాత, 2022లో, జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేలో 'కోయిసేను ఫుతారి' అనే 8 భాగాల డ్రామా వచ్చింది. ఏరొమాంటిక్, ఏసెక్సువల్ అయిన ఒక ఆడమనిషి, ఒక మగమనిషి ఒకే ఇంట్లో ఉంటూ, మనిద్దరం ఒక కుటుంబం అనుకుని చూద్దామంటారు. కలిసి వండుకుని తింటారు. ఆమె ఇంట్లోవాళ్లకు ఇది మింగుడుపడదు. చూసేవాళ్లందరూ వీళ్లిద్దరికీ ఎప్పుడో ప్రేమ పుడుతుందని ఎదురుచూస్తారు, చివరిదాకా పుట్టదు, కానీ ఒకరికొకరు ఎంత కావలసినవాళ్లో ప్రతి భాగంలోనూ తెలుస్తుంది. ఎరికా యోషిదా రాసింది. మీరు సినిమా మొదలుపెట్టేముందు ఎలాగైనా చూడండి.

దీనికి పూర్తిగా ఎదురుగా జగ్‌హెడ్ సంగతి ఉంది. ఆర్చీ కామిక్స్‌లో బర్గర్లంటే పడిచచ్చే కుర్రాడు, 2016లో ఆ కామిక్‌లోనే ఏసెక్సువల్ అని స్పష్టంగా చెప్పారు. 2017లో అదే కామిక్స్ మీద 'రివర్‌డేల్' సీరియల్ మొదలైంది, అందులో వేసిన నటుడు కోల్ స్ప్రౌస్ ఆ విషయం ఉంచితే బాగుంటుందని బయటికే అన్నాడు. వినలేదు, బెట్టీ అనే అమ్మాయితో జంట కట్టేశారు. ఏడాది గడిచేసరికి చేతికందిన పాత్ర చేజారిపోయింది.

మీకు కాన్‌ఫ్లిక్ట్ కావాలంటే మన వీధుల్లోనే బోలెడుంది. పెళ్లి భోజనాల బంతిలో పక్కన కూర్చున్న పెద్దమ్మ 'నీ పప్పన్నం ఎప్పుడే' అంటుంది, ఎదురుగా వడ్డించేవాడితో సహా అందరూ ఆమె మొహంలోకే చూస్తారు. అమీర్‌పేటలో ఇల్లు అద్దెకడిగితే ఫ్యామిలీలకే అంటారు. అన్నిటికన్నా పెద్దది స్నేహితురాలి పెళ్లి. ఏళ్ల తరబడి ఒకే రూమ్‌లో ఉన్న ఫ్రెండ్‌కి పెళ్లయి వెళ్లిపోతే, అందరూ కొత్త దంపతులకు అక్షింతలు వేసే హడావిడిలో ఉంటారు, ఈ అమ్మాయి పోగొట్టుకున్నదేమిటో అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. ఆమెకు ప్రాణమంటే ఆ ఫ్రెండే. ఆమెను బండరాయిలానో, మెషిన్‌లానో, చిన్నప్పుడు ఎవరో మోసం చేస్తే ఇలా అయినట్టో మాత్రం రాయకండి. నవ్వనీయండి, గొడవపడనీయండి, పక్కింటి పిల్లల్ని గారం చేయనీయండి.

ఇప్పుడు తీసేసిన ఆ క్లైమాక్స్ నిడివంతా ఆ ఫ్రెండ్‌తో సీన్‌కి ఇవ్వండి. పెళ్లయ్యాక ఆ ఫ్రెండ్ మొదటిసారి రూమ్‌కి వచ్చినప్పుడు ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో రాసి చూడండి. స్క్రిప్ట్ మారాక మళ్లీ పంపితే తప్పకుండా చదువుతాను.