చూపు లేని అమ్మాయి డేటా అనలిస్టు కాగలదా?

ప్రశ్న: మా అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుతోంది. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ సాయంతో కంప్యూటర్ బాగా వాడుతుంది. డేటా అనలిస్టు అవుతానంటోంది. బంధువులేమో టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగం దొరికితే చాలంటున్నారు. దరఖాస్తులో చూపు లేదని రాస్తే అసలు పిలవరేమోనని నా భయం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయి సరిగ్గానే ఎంచుకుంది. దయచేసి ఆ కోరికను తగ్గించుకోమని చెప్పకండి. చూపు లేనివారికి ఏ ఉద్యోగం తగునని వెతకడం మొదలుపెడితే రెండు మూడు పేర్ల దగ్గరే ఆగిపోతాం. ఆమె కోరుకున్న పనిని ముక్కలుగా విడదీసి, ఏ ముక్క ఎలా చేయవచ్చో చూడండి.

డేటా పనిలో ఎక్కువ భాగం అక్షరాలూ అంకెలే. ఎక్సెల్‌లో చాలా పనులు మౌస్ ముట్టకుండా కీబోర్డుతోనే చేయవచ్చు. డేటా పనికి వాడే కంప్యూటర్ భాషలు ఎస్‌క్యూఎల్, పైథాన్ కూడా మామూలు టెక్స్ట్‌గా రాసేవే. పైథాన్‌లో వరుస మొదట్లో వదిలే ఖాళీల్లో తప్పు దొర్లితే ప్రోగ్రాం సరిగ్గా నడవదు. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ ఆ ఖాళీలను మాటల్లోనో, స్వరం హెచ్చుతగ్గులతోనో తెలియజేస్తుంది. అసలు చిక్కు గ్రాఫులతోనే. బొమ్మగా పెట్టిన గ్రాఫులో ఏముందో స్క్రీన్ రీడర్ నమ్మకంగా చెప్పలేదు, కాబట్టి దాని వెనకున్న పట్టికను అడిగి తీసుకోవాలి. వీడియో సమావేశాల్లోనూ ఇదే ఇబ్బంది: ఎవరైనా తమ తెరను చూపిస్తే అది ఆమెకు చేరదు. ఆ ఫైలు ముందే పంపమని అడగాలి.

ఈ దారిలో నడిచినవారు ఉన్నారు. కంప్యూటర్ శాస్త్రవేత్త టీవీ రామన్ పద్నాలుగేళ్ల వయసులో గ్లకోమా అనే కంటి జబ్బు వల్ల చూపు కోల్పోయారు. గణిత సమీకరణాలను చెవికి అర్థమయ్యేలా వినిపించే పద్ధతిపై పరిశోధించి, 1994లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. తర్వాత గూగుల్‌లో పనిచేశారు.

ఇక మీ భయం గురించి. అది అకారణమైనది కాదు, అయినా దాచమని చెప్పను. దరఖాస్తు ఫారంలో నేరుగా అడిగితే నిజమే రాయాలి. అడగకపోతే తను చేసిన ప్రాజెక్టులతో మొదలుపెట్టవచ్చు. పరీక్షకు పిలుపు రాగానే, ఏం కావాలో స్పష్టంగా రాయమనండి: “నేను స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తాను. మీ పరీక్ష కీబోర్డుతో నడుస్తుందో లేదో ముందుగా చూసుకునే అవకాశం ఇవ్వండి. ప్రశ్నల్లో గ్రాఫులుంటే వాటి పట్టికలు పంపండి.” ఇలా రాస్తే అవతలివారికి ఏం చేయాలో తెలుస్తుంది. చాలామంది యజమానులు ఏం ఏర్పాటు చేయాలో తెలియక వెనకడుగు వేస్తారు.

ఇది దయ కోసం వేడుకోవడం కాదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒడంబడికలోని 27వ అధికరణం, పనిచేసే చోట ఇలాంటి సహేతుకమైన ఏర్పాట్లు ఉండాలంటుంది. వాటిని నిరాకరించడం వివక్షేనని కూడా ఆ ఒడంబడిక చెబుతోంది.

ఒక్క మాట మీకు. ఆ ఉత్తరం మీరు రాయకండి, ఆమెనే రాయనివ్వండి. మీరు మాట్లాడుతుంటే ఎదుటివారు మీ వైపే చూస్తారు. అందరికీ అందుబాటులో ఉన్న ఒక డేటాను తీసుకుని, ఈ సెలవుల్లో మొదటి నుంచి చివరి దాకా తనే విశ్లేషించమనండి. ఎక్కడ ఆగిపోయిందో, ఏం ఉంటే ముందుకు సాగేదో రాసుకోమనండి. రేపు ఉద్యోగంలో అడగాల్సినవి ఆ కాగితంలోనే ఉంటాయి.