ఫిట్స్ రాబోతున్నాయని కుక్క ముందే చెప్పగలదా?

ముందే పసిగట్టి చెప్పేలా కుక్కకు నమ్మకంగా శిక్షణ ఇవ్వడం ఇప్పటికీ కుదరలేదు. ఫిట్స్ మొదలయ్యాక ఏం చేయాలో మాత్రం చక్కగా నేర్పవచ్చు.

నేర్పాలంటే కళ్లెదుట కనిపించే గుర్తు కావాలి. కింద పడటం, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం శిక్షకులు నటించి చూపి, కుక్క సరిగ్గా స్పందించిన ప్రతిసారీ దానికిష్టమైన తిండి పెడతారు. ఫిట్స్‌కు ముందు ఒంట్లో వచ్చే మార్పును అలా నటించి చూపలేం కదా. కొన్ని కుక్కలు మాత్రం ఏళ్ల తరబడి కలిసి ఉండటంతో వాటంతటవే గ్రహిస్తాయి, అదీ ప్రతిసారీ కాదు.

ఒంటరిగా ఉండే వ్యక్తి వంటగదిలో పడిపోయాడనుకోండి. గోడకు కింద, తన మూతికి అందే ఎత్తులో బిగించిన పెద్ద అలారం బటన్‌ను కుక్క ముక్కుతో నొక్కి, వచ్చి ఆయన్ను ఆనుకుని పడుకుంటుంది. స్పృహ వచ్చినా ఎక్కడున్నామో తెలియని ఆ నిమిషాల్లో ఆ వెచ్చదనం ఎంత ధైర్యమో!

కుక్క ఉంది కదా, మందులు తగ్గించుకోవచ్చనుకోవడం పెద్ద పొరపాటు. అది ఫిట్స్‌ను ఆపలేదు. ఒక్క డోసు తప్పినా ఫిట్స్ రావచ్చు. శిక్షణ లేని పెంపుడు కుక్కయితే బెదిరిపోయి, సాయానికి వచ్చినవాళ్లనే దగ్గరికి రానివ్వకపోవచ్చు. ఫిట్స్ 5 నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే అంబులెన్స్‌ను పిలవాలి.