ఒకే పుస్తకం, రోజూ రాత్రి

ప్రశ్న: మా నాలుగేళ్ల బాబు ప్రాసలున్న ఒకే బొమ్మల పుస్తకాన్ని రోజూ చదివించుకుంటాడు. అంతా కంఠతా వచ్చేసింది. ఇది చదువు కాదని, అక్షరాలు దిద్దించమని మా అత్తమ్మ అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ఆ పుస్తకాన్ని దయచేసి మాన్పించకండి. ‘చెట్టు, మెట్టు, బొట్టు’ అన్నప్పుడు చివర ఒకే ధ్వని వస్తున్నదని చెవితో పట్టుకున్న పిల్లవాడు, మాట చిన్న చిన్న ధ్వనులుగా విడిపోతుందని అక్షరం రాకముందే గ్రహిస్తున్నాడు. ప్రాసను గుర్తించగల నాలుగైదేళ్ల పిల్లలు తరువాత చదవడంలోనూ ముందుంటారని బ్రాడ్లీ, బ్రయంట్ అనే పరిశోధకులు 1983లోనే ఇంగ్లిషు పిల్లల విషయంలో చూపించారు.

చదివేటప్పుడు ప్రాసపదం ముందు ఒక్క క్షణం ఆగండి. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పెద్దవాళ్లు చరణం అనగానే పిల్లలు ‘ఉయ్యాలో’ అని అందుకున్నట్టే, మీ బాబు ఆ పదాన్ని తానే అందిస్తాడు. అప్పుడు ఆ పదం కింద వేలు పెట్టి చూపితే, నోట పలికినదే కాగితం మీద ఉన్నదని అతనికి తెలుస్తుంది. అక్షరాలకు అంతకన్నా మంచి ప్రవేశం నాకు తెలియదు. దిద్దించడానికి ఇంకా సమయం ఉంది.

కొత్త పుస్తకం కొనేముందు అంగట్లోనే ఒక పుట పైకి చదివి చూడండి, ఎందుకంటే ఇంగ్లిషు నుంచి వచ్చిన అనువాదాల్లో చాలాసార్లు అర్థం మిగిలి లయ పోతుంది. ఇక వారానికి రెండు రాత్రులు ఆ పుస్తకాన్ని మీ అత్తమ్మగారినే చదవమనండి.